గూటికీ పిల్లలకీ మధ్య

నేను పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తాను. కుర్చీలో పడుకున్నవాళ్ళ నోట్లో గొట్టం పెట్టి ఉమ్ము లాగడం, డాక్టరు గారు సూది తీసేలోపు వాళ్ళ చెవి దగ్గర "ఏం కాదండీ, చీమ కుట్టినట్టుంటుంది" అని చెప్పడం, ఇదీ నా ఉద్యోగం. పదహారేళ్ళుగా చెబుతున్నాను. చీమలు నిజంగా అలా కుడితే ఊళ్ళో ఒక్కడు మిగలడు. అయినా నా గొంతు వింటే ఎంత మొండివాడైనా నోరు తెరుస్తాడు. భయపడేవాళ్ళని దారికి తేవడంలో నా తర్వాతే ఎవరైనా అని నాకు కాస్త గర్వం ఉండేది. ఇప్పుడు లేదు.

మా చెల్లి నా ఇంటికి వచ్చినప్పుడు తన ఎడమ మణికట్టుకి పిండికట్టు ఉంది. "బాత్రూంలో జారిపడ్డాను అక్కా" అంది. వచ్చిన రెండో రోజు పొయ్యి దగ్గర తన తల మీదుగా ఉప్పుడబ్బా అందుకోబోయాను. అంతే, రెండు చేతులూ తల మీద పెట్టుకుని నేల మీద కూలబడింది. డబ్బా నా చేతిలో అలాగే ఉండిపోయింది. బాత్రూంలో జారిపడ్డవాళ్ళు ఉప్పుడబ్బాకి భయపడరు. చెప్పాల్సినదంతా అక్కడ నేల మీదే ఉంది.

ఆ రోజు నుంచి వీధి తలుపుకి తాళం వేయడం మొదలుపెట్టాను. మాది రెండు గదుల ఇల్లు, ఒకదాని వెనక ఒకటి. ముందు గదిలో పొయ్యి, బల్ల, వీధి తలుపు. వెనక గదిలో మంచం, బీరువా, ఊచల కిటికీ. వెనక గదిలోంచి బయటికి రావాలంటే మధ్య తలుపు దాటి ముందు గదిలోంచే రావాలి. పనికి వెళ్తే బయట తాళం, ఇంట్లో ఉంటే లోపల తాళం. తాళంచెవి ఎప్పుడూ నా జేబులో. పై వాటాలో ఉండే రిటైరైన టీచరమ్మ మెట్ల మీద నన్ను ఆపి, "మనిషిని లోపల పెట్టి తాళం వేస్తారటమ్మా ఎక్కడైనా?" అని అడిగింది. "మీ చెల్లెలో కూతురో కాదుగా లోపల ఉన్నది" అని విసురుగా సమాధానం చెప్పి వచ్చేశాను. చెల్లి మాత్రం ఎప్పుడూ ఏమీ అనలేదు. అనడం లేదంటే ఇష్టమే అనుకున్నాను.

రోజంతా తను మంచం మీద గోడవైపు తిరిగి కూర్చునేది. పిండికట్టు విప్పేశాక కూడా ఆ చేతిని ఒళ్ళోనే దాచుకునేది. వీధిలో ఎవడైనా గట్టిగా దగ్గితే ఉలిక్కిపడేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే బాతుల పెద్దాయన పళ్ళ సెట్టు కోసం మా దగ్గరికి వచ్చాడు. ఊరి చివర బాతుల్ని పెంచుతాడు. మనిషి ఏనుగంత, ధైర్యం ఎలుకంత. కుర్చీ ఎక్కించడానికే మూడుసార్లు రమ్మనాల్సి వచ్చింది. నాలుగోసారి వచ్చినప్పుడు చంకలో చిల్లులు పొడిచిన అట్టపెట్టె ఒకటి ఉంది. లోపల అయిదు బాతుపిల్లలు, పసుపుముద్దల్లా.

"మిషన్లో పొదిగినవమ్మా. తల్లి మొహం ఎరగవు. పుట్టిన రెండో రోజే మా పనివాడు గంపలోంచి కుమ్మరించాడు. అప్పట్నుంచి మనిషి నీడ పడితే చాలు, ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తున్నాయి. అడుగున ఉన్నది ఊపిరాడక పోతుంది. ఇప్పటికే రెండు అలా పోయాయి. ఓ నెల మచ్చిక చేసి పెట్టవూ?"

"నేనా?"

"నన్నే మచ్చిక చేశావు, వీటిదేముంది?" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ నాలుగు మాటలు చెప్పాడు. వాటి దగ్గర నిలబడకూడదు, నేల మీద కూర్చుని చిన్నగా అయిపోవాలి. కళ్ళలోకి చూడకూడదు. రోజూ ఒకే వేళకి, ఒకే గొంతుతో వెళ్ళాలి. చేయి పైనుంచి పోనివ్వకూడదు, పైనుంచి వచ్చేది గద్దే. అరచేయి నేలకి ఆనించి, నానబెట్టిన బఠానీలు పెట్టి, వాటంతట అవి వచ్చేదాకా ఆగాలి. తలుపు దాకా వెళ్ళినవాడు మళ్ళీ వెనక్కి వచ్చి ఇంకొకటి చెప్పాడు. అదే అన్నిటికన్నా ముఖ్యమైనదని నాకు అప్పుడు తెలియలేదు.

"గూటికీ పిల్లలకీ మధ్య ఎప్పుడూ కూర్చోకమ్మా. పారిపోవడానికి దారి ఉందని తెలిస్తేనే అవి మన దగ్గరికి వస్తాయి. దారి మూసినవాడి చేతిలో బంగారం పెట్టినా నమ్మవు."

పెట్టెని వెనక గదిలో మూలన పెట్టి, పైన బల్బు వేలాడదీశాను. నేను వంగి చూడగానే అయిదూ కీచుమంటూ మూలకి పోయి కుప్పపడ్డాయి. అడుగునుంచి ఒక చిన్న కాలు బయటికి వచ్చి కొట్టుకుంటోంది. ఆ కుప్పని విడదీద్దామని చేయి పెట్టబోయాను.

"చేయి పైనుంచి పెట్టకు అక్కా."

చెల్లి మంచం మీదనుంచి అంది. వారం రోజుల్లో తన నోటినుంచి వచ్చిన పూర్తి మాట అదే. మెల్లగా దిగింది. గోడ పక్కనుంచి పాకుతున్నట్టు వచ్చి, పెట్టెకి కాస్త దూరంగా, దారికి పక్కగా కూర్చుంది. తలవంచుకుని నేలకేసి చూస్తూ, "రండి... రండి..." అని గొణిగింది. పెద్దాయన చెప్పిన మాటలు నేను ఇంకా తనకి చెప్పనేలేదు.

మొదటి మూడు రోజులూ అవి తన వైపు కన్నెత్తి చూడలేదు. నాకు ఓపిక నశించింది. "పళ్ళు పీకించుకునే మనుషులు నయం" అన్నాను. చెల్లి నవ్వలేదు కానీ పెదవి ఒకవైపు కదిలింది. నాలుగో రోజు సాయంత్రం ఒకటి వచ్చి తన వేలు కొరికి పారిపోయింది. అది పెద్ద పెత్తనం చేసే రకం, దానికి పెత్తనం అనే పేరు పెట్టాం. మిగతావి దాని వెనకే వచ్చాయి. ఒక్కటి మాత్రం రాలేదు. అందరికంటే చిన్నది, ఆ కుప్పలో అడుగున నలిగినది. బఠానీని చూస్తుంది, చేతిని చూస్తుంది, పెట్టెని చూస్తుంది, ఆగిపోతుంది. దాన్ని అనుమానం అని పిలిచాం. చెల్లి బఠానీల డబ్బా మూత మీద చెంచాతో టిక్కు టిక్కుమని కొట్టడం అలవాటు చేసింది. ఆ చప్పుడు వింటే చాలు, నాలుగూ బిలబిలమంటూ తన వెనక వరస కట్టేవి. అయిదోది మాత్రం దూరంగా, తీరిగ్గా, చుట్టూ చూసుకుంటూ వచ్చేది.

గది నిండా కంపు. నా దుప్పటి మీద అవి చేసిన నిర్వాకం చెబితే బాగుండదు. అయినా చెల్లి మళ్ళీ తల దువ్వుకుంటోంది. నాకు ప్రాణం లేచివచ్చింది.

పిల్లలు వచ్చిన ఎనిమిదో రోజు చెల్లి మొగుడు, మా మరిది, కనిపించాడు.

సాయంత్రం అయిదున్నరకి నేను పని నుంచి వచ్చేసరికి మా ఇంటికి ఎదురుగా, మూసేసిన కొట్టు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. తలవంచుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు, పలకరించలేదు. నేను తాళం తీసి, లోపలికి దూరి, మళ్ళీ తాళం వేసి, తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను. అరగంట తర్వాత తలుపు సందులోంచి చూస్తే లేడు.

మర్నాడు అదే వేళకి మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అరిస్తే తిరిగి అరుద్దామని, చెయ్యెత్తితే వీధంతా పోగుచేద్దామని నేను మాటలన్నీ సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. అరవని మనిషి మీద ఎలా అరుస్తాం? అయిదో రోజు తను కూర్చున్న మెట్టు మీద బఠానీల పొట్లం ఒకటి వదిలి వెళ్ళాడు. వెనక గది కిటికీ పక్క సందులోకి ఉంటుంది. అక్కడ నిలబడి ఎన్నాళ్ళనుంచి చూస్తున్నాడో, ఏం విన్నాడో.

ఆ పొట్లాన్ని చెత్తబుట్టలో పడేశాను. ఆ రాత్రి అన్నం కలుపుతుంటే ఉన్నట్టుండి తట్టింది. రోజూ ఒకే వేళ. కిందకి కూర్చోవడం. కళ్ళలోకి చూడకపోవడం. దగ్గరికి రాకుండా తిండి వదిలి వెళ్ళడం. ముద్ద కంచంలో వదిలేశాను. వీడు మచ్చిక చేస్తున్నాడు.

ఇంకో రెండు రోజులకి చెల్లే అడిగింది. "ఒక్కసారి లోపలికి రానిద్దాం అక్కా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మతి ఉండే మాట్లాడుతున్నావా? ఆ చెయ్యి అతుక్కుందో లేదో అప్పుడే మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. మారాడేమో."

"మొసలి కూడా ఒడ్డున కదలకుండానే పడుకుంటుంది."

"మనుషులందరూ గద్దలు కారని వీటికి నేర్పుతున్నాం కదక్కా రోజూ" అంది, అనుమానాన్ని చూస్తూ. "నేను నేర్చుకోకూడదా?"

కాదంటే నేను పనిలో ఉన్నప్పుడు కిటికీలోంచి మాట్లాడుకుంటారు. నా కళ్ళముందే జరగనీ అనుకున్నాను. నా అంత తెలివైనది లేదుగా మరి.

వచ్చాడు. చెప్పులు బయట విడిచాడు. "బాగున్నావా వదినా?" అన్న గొంతులో వెన్న. రెండు గదుల మధ్య గడప మీద కూర్చున్నాడు, లోపలికి మొహం పెట్టి. చెల్లి పెట్టె పక్కన. నేను ముందు గదిలో, అతని వీపు వెనక. అరచేయి నేలకి ఆనించాడు, బఠానీలు పెట్టాడు. మాట్లాడలేదు. పెత్తనం వెళ్ళి తినేసింది, తిండి దగ్గర దానికి సిగ్గూ శరమూ లేవు. మూడో రోజుకి నాలుగు పిల్లలూ అతని ఒళ్ళో ఎక్కి కునికిపాట్లు పడుతున్నాయి. చెల్లి వాటిని చూస్తోంది. తన మొహంలో ఏదో కరుగుతోంది. నేను ముందు గదిలో కడిగిన గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాను. అనుమానం ఒక్కటే మంచం కింద దాక్కుని బయటికి రాలేదు.

అన్నీ సరిగ్గానే చేస్తున్నాడు. అయినా నాకేదో గుచ్చుకుంటోంది. ఏమిటో అంతు పట్టలేదు. మర్నాడు డాక్టరు గారి కుర్చీ పక్కన గొట్టం పట్టుకుని ఉండగా తెలిసింది, తెలియగానే గొట్టం ఎవరి నోట్లోంచో జారిపోయింది. గడప. రోజూ గడప మీదే కూర్చుంటున్నాడు. ఆ గదికి ఉన్నది ఒక్కటే దారి.

ఇంటికి పరుగెత్తుకు వచ్చి చెల్లికి చెప్పాను.

"మొదటి రోజే చూశాను అక్కా" అంది.

"చూసి మరి?"

"జరుగుతాడేమోనని." అనుమానం వైపు ఒక బఠానీ దొర్లించి, మళ్ళీ అంది. "ఒక్కసారైనా అడక్కుండా జరుగుతాడేమోనని చూస్తున్నాను. లేకపోతే అడుగుతాను."

ఆ ఆదివారం మధ్యాహ్నం అడిగింది.

నేను ముందు గదిలో బల్ల దగ్గర ఉల్లిపాయలు తరుగుతున్నాను. అతను లోపలికి రాగానే అలవాటుగా వీధి తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. అతను గడప మీద కూర్చున్నాడు. పిల్లలు ఈకలు మొలిచి, పావురాలకంటే పెద్దవయ్యాయి. పెట్టెలో పట్టక గదంతా తిరుగుతున్నాయి. చెల్లి లేచి నిలబడింది.

"కాస్త జరుగుతారా? నీళ్ళు తెచ్చుకుంటాను."

"వదిన తెస్తుందిలే. నువ్వు కూర్చో" అన్నాడు మెత్తగా.

"నేనే తెచ్చుకుంటాను. జరగండి."

అతను కదల్లేదు. నాకు అతని వీపే కనిపిస్తోంది. ఆ వీపు కొంచెం వెడల్పయింది, అంతే. సరిగ్గా అప్పుడే, అతను ఉండగా ఎన్నడూ రానిది, అనుమానం మంచం కిందనుంచి బయటికి వచ్చి చెల్లి కాళ్ళ వైపు నడిచింది. అతని చేయి పైకి లేచింది. పైనుంచి దిగింది. మెడ పట్టుకుని ఎత్తాడు.

అది అరిచిన అరుపు నేను బతికున్నంతకాలం మర్చిపోను. మిగతా నాలుగూ మూలకి పోయి కుప్పపడ్డాయి.

"ఇక చాలు ఈ ఆటలు" అన్నాడు. గొంతు మారలేదు, అదే వెన్న. "ఎన్ని రోజులు కూర్చోబెడతావు నన్ను ఈ కంపులో? బట్టలు సర్దుకో, వెళ్దాం." తల తిప్పకుండానే, "వదినా, నువ్వక్కడే ఉండు. దీని మెడ ఎంత సన్నమో నీకు తెలుసుగా" అన్నాడు.

నా చేతిలో చాకు ఉంది. ఉందని కూడా తెలియలేదు. పదహారేళ్ళుగా అందరికీ చెప్పిన "ఏం కాదు" అన్న మాట నా నాలుక మీదకి రాలేదు. అతని భుజం మీదుగా చెల్లి మొహం చూశాను. తెల్లగా పాలిపోయి ఉంది. చేతులు తల మీదకి పోబోయాయి. సగంలో ఆగాయి.

తర్వాత మెల్లగా కిందకి దిగింది. నేల మీద కూర్చుంది. చిన్నగా అయిపోయింది. అతని కళ్ళలోకి చూడకుండా, నేలకేసి చూస్తూ, అరచేయి నేలకి ఆనించి ముందుకి జరిపింది.

"సరే. వెళ్దాం. నాదే తప్పు" అంది. "మిమ్మల్ని చాలా రోజులు తిప్పాను. దాన్ని ఇలా ఇవ్వండి. సంచి బీరువా మీద ఉంది. ఈ చేత్తో నేను దింపలేను."

నిజంగానే వెళ్ళిపోతోంది అనుకున్నాను. ఆ గొంతులో ఒక్క వణుకు లేదు. రోజూ అయిదున్నరకి నేను వినే గొంతే అది. "రండి... రండి..." అనే గొంతు. అది అతనితో మాట్లాడుతోందని నాకు అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది.

అతని భుజాలు దిగాయి. నిట్టూర్చాడు. గెలిచినవాడి నిట్టూర్పు. అనుమానాన్ని చెల్లి చేతిలో పెట్టాడు. లేచాడు. గడప వదిలి, గది దాటి, బీరువా దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి రెండు చేతులూ పైకి చాపాడు.

చెల్లి లేచింది. పరుగెత్తలేదు. అనుమానాన్ని గుండెకి హత్తుకుని, రెండో చేత్తో మంచం మీదున్న మూతా చెంచా తీసుకుని, చంకలో మూత ఇరికించి చెంచాతో కొట్టింది. టిక్కు టిక్కు.

"ఇప్పుడెందుకవి?" అన్నాడు అటు తిరిగే.

"అక్కకి అప్పగించాలిగా."

టిక్కు టిక్కు. మూలలో కుప్ప కదల్లేదు. రండే తల్లీ, రండే అని నేను లోలోపల మొక్కుతున్నాను. వదిలేసి వచ్చెయ్యవే అని అరవాలని ఉంది. వదిలితే ఆ నాలుగింటినీ వాడు ఏం చేస్తాడో తనకీ తెలుసు, నాకూ తెలుసు. తను గడప మీద ఒక పక్కకి ఒదిగి నిలబడింది, దారి వదిలి. పెత్తనం తల ఎత్తింది. ఒక అడుగు. ఆగింది. ఇంకో అడుగు. దాని వెనక రెండోది. బీరువా మీద సంచి జిప్పు చప్పుడు. మూడోది. నాలుగోది గడప దగ్గర తడబడి, తోక మీద పడి, లేచి, దాటింది.

చెల్లి మధ్య తలుపు లాగి, ఇటువైపునుంచి గడియ వేసింది.

లోపలనుంచి "ఏయ్, ఏంటిది?" అని నవ్వు. తర్వాత ఆ వెన్నంతా కరిగిపోయింది. తలుపు మీద మొదటి దెబ్బకే గడియ స్క్రూ ఒకటి ఊడి నేల మీద దొర్లింది.

నేను వీధి తలుపు దగ్గరికి ఉరికాను. తాళం. నేనే వేసిన తాళం. జేబులోంచి తాళంచెవి తీశాను, కన్నం దొరకలేదు. చేయి వణుకుతోంది, ఇటు పెడితే అటు పోతోంది. వెనక రెండో దెబ్బ. మూడో దెబ్బ. వాణ్ణి ఆపడానికి వేసుకున్న తాళం మమ్మల్ని వాడితో పాటు లోపల పెట్టి కూర్చుంది. తాళంచెవి జారి బాతుల మధ్య పడింది. నేను ఏడ్చేశాను.

చెల్లి వంగి తీసుకుంది. అతుక్కున్న ఆ ఎడమ చేత్తోనే పెట్టింది, తిప్పింది. తలుపు తెరుచుకుంది.

మెట్ల మీద టీచరమ్మ అప్పటికే దిగుతోంది, ఫోను చెవికి పెట్టుకుని పోలీసులతో మాట్లాడుతూ. ఎదురింటివాళ్ళు, సందులోవాళ్ళు వచ్చేశారు. గడియ ఊడి బయటికి వచ్చినవాడు గుమ్మం నిండా మనుషులు కనిపించేసరికి మళ్ళీ వెన్న పూసుకున్నాడు. "మొగుడూ పెళ్ళాల గొడవండీ" అన్నాడు. చెల్లి అయిదు బాతుల మధ్య వీధిలో నిలబడి, అందరూ వినేలా, "ఈ చెయ్యి విరగ్గొట్టింది ఈయనే" అంది. తన నోట ఆ మాట వినడం నాకూ అదే మొదలు.

పోలీసులు తీసుకెళ్ళారు. కేసు రాశారు. మూడో రోజుకి బయటికి వచ్చాడు. ఇక మా వీధిలో అడుగు పెట్టనని కాగితం మీద సంతకం పెట్టాడట. కాగితం! నేను కొత్త గడియ వేయించాను, వీధి తలుపుకి ఇంకో తాళం కొన్నాను. వీధిలో ఎవరు చెప్పులు ఈడ్చినా నా గుండె ఆగుతోంది.

పిల్లలు మళ్ళీ మొదటికి వచ్చాయి. పెత్తనం కూడా మూలలోంచి రావడం లేదు. అనుమానం మెడ ఒక పక్కకి వంగింది. తింటోంది, అంతే. చెల్లి మళ్ళీ అయిదున్నరకి గోడ పక్కన, దారి వదిలి, అరచేయి నేలకి ఆనించి కూర్చుంటోంది. "రండి... రండి..." ఎన్నాళ్ళు పడుతుందని అడిగితే, "వాటి ఇష్టం" అంది.

నిన్న నేను పనికి బయల్దేరుతూ చేయి చాపాను. "తాళంచెవి ఏదీ?" ఆ రోజు తీసుకున్నది తను తిరిగి ఇవ్వలేదు.

"నా దగ్గరుంది."

"ఇటివ్వు. వాడు బయట తిరుగుతున్నాడు."

చెల్లి ఇవ్వలేదు. కోపంగా కూడా లేదు. "నువ్వూ గడప మీదే కూర్చున్నావు అక్కా" అంది.

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. నేనెక్కడ, వాడెక్కడ అని అరవబోయాను. ఆ తాళం కన్నం, వణికిన నా చేయి కళ్ళముందుకి వచ్చాయి. కొన్న రెండో తాళం తీసి బల్ల సొరుగులో పడేశాను.

ఈ రోజు సెలవు. సాయంత్రం బఠానీలు అయిపోయాయి. "నేను తెస్తాను. మలుపు దగ్గర కొట్టేగా, పావుగంటలో వస్తాను" అంది చెల్లి. నేను వస్తానన్నాను. వద్దంది. చెప్పులు వేసుకుంది. గుమ్మంలో ఒక్కసారి ఆగి, వీధి ఆ చివరా ఈ చివరా చూసి, దిగి వెళ్ళిపోయింది. తలుపు తెరిచే ఉంది.

నేను లేచి గుమ్మంలో నిలబడబోయాను. కాళ్ళు అక్కడి దాకా వెళ్ళాయి. వెనక్కి వచ్చి గోడ పక్కన కింద కూర్చున్నాను, దారికి అడ్డం లేకుండా. పిల్లలు మూలలోంచి నన్నూ తలుపునీ చూస్తున్నాయి. ఎదురు కొట్టు మెట్టు ఇక్కణ్ణుంచి కనిపించదు. కనిపిస్తే బాగుండు. కనిపించకపోతేనే బాగుండు. చెంచా తీసుకుని మూత మీద కొడదామనిపించింది, ఆ చప్పుడు వింటే తను వచ్చేస్తుందేమో అన్నట్టు. కొట్టలేదు.

పావుగంట దాటి రెండు నిమిషాలైంది. నేను ఇంకా లేవలేదు.